జెర సదువు బిడ్డా

సంగారెడ్డి
14 జూలై 2024

నాయినా,

ఇంద్రేశం నుంచి సంగారెడ్డికి బస్సులో గంట. నిన్న కవరు కొంటుంటే, గంట దూరానికి ఉత్తరమా అన్నట్టు పోస్టాఫీసులో ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఫోన్ చేసి చేసి విసుగొచ్చి రాస్తున్నాను. ఈ పది రోజుల్లో పదకొండు సార్లు చేశాను. ఎత్తినప్పుడల్లా "ఆ... ఆ... మంచిది బిడ్డా, మంచిది" అని పెట్టేశావు. మొన్న నాకు జ్వరం వచ్చిందని చెప్పినా "మంచిది, మంచిది" అన్నావు. అంత కోపమా?

నువ్వు చదువుకోగలవని తెలుసు కాబట్టే రాస్తున్నాను. నేను ఒకటో తరగతిలో దిద్దిన పలక మీదే నువ్వూ దిద్దావు కదా. ష దగ్గర ఆగిపోయి "గిది నాకెందుకు బిడ్డా, నా పేర్ల లేదు" అన్నావు. నా పేరులో ఉందని నేను ఏడ్చాను. అయినా నేర్చుకోలేదు.

ఆ రోజు సంగతి అడగాలి. పెద్దమ్మ, నవీన్ అన్న మన ఇంటికి వచ్చారు. నేను వీడియోలు పెట్టడం వల్ల నీ అన్న కొడుకుకు తలెత్తుకోలేనంత కష్టం వచ్చిందట. "కాకా, నీ బిడ్డ మొకం కంపెనీల అందరి ఫోన్లల్ల తిరుగుతున్నది. సూపర్‌వైజర్‌ని, నా ఇజ్జత్ ఏం గావాలె? బంద్ పెట్టియ్యి, లేకుంటే ఇంట్లకెల్లి ఎల్లగొట్టు" అన్నాడు. నువ్వు గోడకు ఆనుకుని కూర్చున్నావు. అందరి ముఖాల వైపు మార్చి మార్చి చూశావు. నేనే నీ ముందుకొచ్చి అడిగాను, "నాయినా, నన్ను పొమ్మంటవా?" అని.

నా ముఖంలోకి చూసి, తలూపి, "ఆ" అన్నావు.

రెండు జతల బట్టలు, సర్టిఫికెట్ల సంచి తీసుకుని వచ్చేశాను. ఇక్కడ కలెక్టరేట్ ఎదురుగా మధుబాబు గారి ఆన్‌లైన్ సెంటర్‌లో ఫారాలు నింపే పని దొరికింది. పక్క వీధిలోనే లేడీస్ హాస్టల్. పప్పులో పప్పు వెతుక్కోవాలి, అది తప్ప బాగానే ఉంది.

వీడియోలు ఆపలేదు. ఆపను కూడా. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు పొమ్మన్నా నీ బిడ్డనే,
నిషిత


ఇంద్రేశం
22-7-2024

బిడ్డ నిసితకు నాయిన రాసేది,

కంపెనీల పారేసిన జాబ్ కార్డు ఎనకబాజు రాస్తున్న. నీ ఉత్తరం సదువనీకె రెండు దినాలు వట్టింది. కొన్ని అచ్చరాలు మర్సిపోయిన.

నేనెందుకు పొమ్మంట బిడ్డా? పోయి రమ్మంటవా అని నువ్వు అడిగితివి, నేను ఆ అంటిని. సంగారెడ్డిల నౌకరికి అడగనీకె పోతున్నవేమో అనుకున్న. సంచి సూసి గూడ గట్లనే అనుకున్న. పోయినవు గని రాకపోతివి.

జరం తగ్గిందా? ఫోన్ల సక్కగ ఇనపడలే. ఇంట్ల టవరు దొరుకుతలేదు.

గీడ మంచిగున్న. జొన్నరొట్టె నేనే చేసుకుంటున్న. ఒకబాజు మాడుతున్నది.

పెంటయ్య


సంగారెడ్డి
30 జూలై 2024

నాయినా,

మన ఇంటి మేడ మీద నిలబడితే మూడు టవర్లు కనిపిస్తాయి. టవరు మీదికి నెట్టకు.

నేను "పోయి రమ్మంటవా" అనలేదు. "పొమ్మంటవా" అన్నాను. ఆ రెంటి మధ్య తేడా రెండేళ్ల పిల్లకు కూడా తెలుసు. బయటికి వెళ్లే మనిషి "పోత" అంటే చాలు, "పోయొస్త అనాలె" అని వీపు మీద చరిచేది అమ్మ. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ పొమ్మనే మాట అనలేదు. నువ్వు దానికి తలూపావు. ఇప్పుడు మాట మారుస్తున్నావు. కోపంతో అన్నానని ఒప్పుకుంటే నాకు ఇంతకన్నా తక్కువ బాధ.

ఇంతకూ నేను చేసిన తప్పేమిటో నువ్వు ఎప్పుడూ అడగలేదు. అందుకే మొదటి నుంచి రాస్తున్నాను.

మూడో తరగతి నుంచి మన వాడకట్టులో అందరూ కాగితం పట్టుకుని మన గడపలోనే కూర్చునేవాళ్లు. కరెంటు బిల్లు, మందుల చీటీ, బ్యాంకు వాళ్ల ఉత్తరం. "జెర సదువు బిడ్డా" అనేవాళ్లు. అన్నం ముందు నుంచి లేపి చదివించేవాళ్లు. మన ఇంట్లో నాకన్నా ముందు బడికి పోయిన వాళ్లు లేరు, మన వాడకట్టులో కూడా ఎక్కువ లేరు. పోయిన ఏడాది కిష్టారెడ్డిపేట నుంచి ఒకామె ఆసుపత్రి చీటీ తెచ్చింది. రక్త పరీక్షకు మూడుసార్లు పోతే మూడుసార్లూ వెనక్కి పంపారట. చీటీలో అడుగున ఇంగ్లీషులో ఒకే ఒక్క ముక్క ఉంది, పరగడుపున రావాలని. ఆమె మూడుసార్లూ సద్ది తిని పోయింది. "గీ ఒక్క ముక్క ఎవలన్న ముందే సెప్తే అయిపోవు గదనే" అని తల కొట్టుకుంది.

ఆ రోజే ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించి ఆ చీటీ చదివి, పేరు మీద వేలు పెట్టి మూసి, వీడియో తీశాను. చూసినవాళ్లు నలభై ముగ్గురు. అందులో తొమ్మిదిసార్లు నేనే. ఛానల్ పేరు కోసం ఆలోచించాల్సిన పని లేకపోయింది. "జెర సదువు బిడ్డా" అని పెట్టాను.

ఇప్పుడు పన్నెండు వందల మంది చేరారు. రోజూ సెంటర్‌కు వచ్చే కాగితాల్లో ఒకటి, అడిగి, పేర్లు మూసి, చదువుతాను. ఏం చేయాలో చెప్పను. ఏముందో చెబుతాను. అంతే నా పని.

తిట్లు కూడా వస్తాయి. "సదువు కాదు, చదువు. ముందు నువ్వు బడికి పో" అని ఒకాయన రోజూ రాస్తాడు. ఆయనకు నేను జవాబు పెట్టాను: "బడికి పోయే వచ్చిన సారూ. పేరు నన్ను పిలిచినోళ్లది, నాది కాదు. మార్చ."

దీంట్లో నవీన్ అన్న ఇజ్జత్ ఎక్కడ పోయిందో చెప్పు.

నిషిత


ఇంద్రేశం
2-9-2024

బిడ్డ నిసితకు,

మస్తు వానలు పడ్డయి. ఎనుక గల్లీల నీళ్లు నిలిచినయి. నేను మంచిగున్న.

నీ ఈడియో సూసిన. కంపెనీ గేటు కాడ చాయ్ అమ్మే సునంద తన ఫోన్ల సూపెట్టింది. ఎర్ర చున్నీ ఏసుకున్నదే. చున్నీ మంచిగున్నది. కాగితం మీద నీ ఏలు పోతుంటే ఎనకట నా పలక మీద పోయినట్టె ఉన్నది. మస్తు కుష్ అయిన. జెర బక్కగైనవు. కడుపు నిండ తిను.

సునంద మూడు చాయ్‌లు తాగించింది నీ పేరు మీద.

పెంటయ్య


సంగారెడ్డి
10 సెప్టెంబరు 2024

నాయినా,

చున్నీ సునందక్కకు కూడా నచ్చిందా?

ఆ వీడియో చివర నేను నీతో ఒక మాట అన్నాను. పేరు పెట్టి, నీతోనే. ఆ మాట అనడానికి నాలుగుసార్లు రికార్డు చేశాను, మూడుసార్లు చెరిపేశాను. ఎనిమిది వేల మంది విన్నారు. ముక్కూమొహం తెలియని వాళ్లు కింద రాస్తున్నారు, "అక్కా, మీ నాయిన ఏమన్నడు?" అని. ఒరిస్సా నుంచి వచ్చి పాశమైలారంలో పనిచేసే అతను హిందీలో అడిగాడు. వాళ్లందరికీ ఏమని చెప్పను? చున్నీ మంచిగున్నది అన్నాడని చెప్పనా?

ఆ మాట మళ్లీ రాయను. అంతమంది ముందు ఒకసారి అన్నాను, చాలు.

ఇక్కడి కబుర్లు. హైదరాబాద్ నుంచి అంకిత అనే ఆవిడ వచ్చింది. ఛానళ్లను పెద్దవి చేసే కంపెనీ అట. నా వీడియోలన్నీ చూసి, చాలా బాగున్నాయని మెచ్చుకుంది. తర్వాత జాబితా తీసింది. పేరు మార్చాలి. భాష కొంచెం శుభ్రం చేయాలి. వెనకాల పూలకుండీ పెట్టాలి. నేను అడిగాను: "భాషకు ఏం అంటుకుంది మేడం, శుభ్రం చేయడానికి?" ఆవిడ నవ్వి, "అంటే అందరికీ అర్థమయ్యేలా" అంది. "పరగడుపు అనే మాట అందరికీ అర్థమైతే నేను ఈ ఛానలే పెట్టకపోదును" అన్నాను. చెడ్డ మనిషి కాదు, పోతూ పోతూ ఫోన్ నిలబెట్టే స్టాండు ఇచ్చి పోయింది. స్టాండు ఉంచుకున్నాను. మిగతావి వద్దన్నాను.

ఇప్పుడు వారానికి రెండు వీడియోలు హిందీలో కూడా చదువుతున్నాను. నా హిందీకి బీహార్ వాళ్లు పడీపడీ నవ్వుతున్నారు, అయినా చూస్తున్నారు.

నువ్వు జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

నిషిత


సంగారెడ్డి
20 నవంబరు 2024

నాయినా,

జవాబు రాయకపోయినా ఏమీ అనుకోనన్నానని నిజంగానే మానేశావు. సరే.

ఒక సంగతి చెప్పాలి. పోయిన వారం సెంటర్ చిరునామాకు నా పేరున ఒక కవరు వచ్చింది. పంపినవాళ్ల పేరు లేదు. లోపల ఒక ఫారం. పైన కంపెనీ పేరున్న చోటు కత్తెరతో కత్తిరించి ఉంది. వంకరటింకరగా కత్తిరించారు. మీలాగే ఇనుము కాల్చి హామర్ యంత్రం కింద దంచే షాపుల్లో పనివాళ్లతో సంతకం పెట్టించుకుంటున్న కాగితం అనుకుంటాను. అందులో ఇట్లా ఉంది:

"నా వినికిడి శక్తియందు కలిగిన లోపము వయోభారము వలనను, వంశపారంపర్యముగాను సంభవించినదనియు, నా ఉద్యోగ విధులతో దీనికి ఎట్టి సంబంధము లేదనియు ఇందుమూలముగా అంగీకరించుచున్నాను."

ఎనిమిదేళ్ల పిల్లాడికైనా ఎనభై ఏళ్ల ముసలాయనకైనా అర్థం కాకుండా రాయాలని కూర్చుని రాసినట్టుంది. ఒక్కొక్క మాటా విడదీసి చదివాను. వంశపారంపర్యం దగ్గర చాలాసేపు ఆగాను. కోపం వచ్చింది, కానీ గొంతులో రానివ్వలేదు.

నాలుగు రోజుల్లో రెండు లక్షల మంది చూశారు నాయినా. ఛానల్‌లో లక్ష మంది చేరారు. బొల్లారం నుంచి, జీడిమెట్ల నుంచి, ఎక్కడో విశాఖపట్నం నుంచి కూడా, "మాకూ ఇట్లాంటిదే ఇచ్చారు" అని కాగితాలు పంపుతున్నారు. లక్ష వచ్చిన రోజు హాస్టల్ వార్డెన్ అందరికీ సేమియా పాయసం చేసింది. నీకు చెప్పాలని ఫోన్ తీసి, మళ్లీ పెట్టేశాను. "మంచిది, మంచిది" వినే ఓపిక లేదు.

మీ షాపులో కూడా ఇట్లాంటి కాగితం ఇచ్చారా? ఇస్తే చదవకుండా సంతకం పెట్టకు.

నిషిత


సంగారెడ్డి
9 డిసెంబరు 2024

నాయినా,

నవీన్ అన్న మొన్న సెంటర్‌కు వచ్చాడు. కంపెనీ బండిలో. మధుబాబు గారికి చాయ్ తాగించి, నన్ను బయటికి పిలిచాడు.

"ఆ కాగితం మా కంపెనీదే. నీకెట్ల దొరికిందో తర్వాత చూస్త. ముందు వీడియో తీసెయ్."

"కంపెనీ పేరు కనిపించలేదు కదా అన్నా. నీకెట్ల తెలిసింది మీదేనని?"

"మాటలు మస్తు నేర్చినవు. కాక ఒప్పుకున్నడు. ఇంటికి పోయి అన్ని సెప్పిన. నీ బిడ్డతోని ఆ వీడియో తీసేపిస్త, నా సంతకం నేను పెడత అని తలూపిండు. అడుగు కావాలంటే."

అడిగే పని లేదు. నీ తలూపుడు నాకు తెలుసు.

తర్వాత మధుబాబు గారు లోపలికి పిలిచారు. "మంచి పిల్లవు, కాదనను. కానీ కంపెనీల వాళ్లతో నాకు రోజూ పని. వీడియో తీసేస్తే ఉండు, లేకుంటే నీ ఇష్టం" అన్నారు. నా ఇష్టమే చేశాను. నా పెన్నులు, అంకిత ఇచ్చిన స్టాండు తీసుకుని బయటికి వచ్చాను. ఈరోజు కలెక్టరేట్ గోడ పక్కన కూర్చుని వీడియో తీశాను. కలెక్టర్‌కు అర్జీలిచ్చే ప్రజావాణికి వచ్చినవాళ్లు నా ముందు వరస కట్టారు. ఒకామె గొడుగు పట్టింది ఎండకు.

ఇప్పుడు నీకు ఒక్కటే చెబుతున్నాను. ఒకసారి నువ్వు "ఆ" అన్నావు, ఇల్లు విడిచాను. ఇప్పుడు మళ్లీ "ఆ" అన్నావట. ఈసారి దేన్నీ విడవను. వీడియో తీసేయను. నవీన్ అన్న వచ్చినా, వాళ్ల మేనేజరు వచ్చినా, నువ్వొచ్చి అడిగినా తీసేయను. నన్ను చదివించింది నువ్వే. చదివింది బయటికి చెప్పొద్దంటే, ఎందుకు చదివించావు?

మీ షాపులో ఆ కాగితం ఇచ్చారని తెలిసి కూడా నాకు ఒక్క ముక్క రాయలేదు నువ్వు. అది అన్నిటికన్నా పెద్ద బాధ.

నిషిత


ఇంద్రేశం
15-12-2024

బిడ్డ నిసితకు నాయిన రాసేది,

ఐదు జాబ్ కార్డులు పట్టినయి. అన్నిటికి నంబరు ఏసిన. వరసల సదువు.

ఆ కాగితం నీకు పంపింది నేనే.

సునంద దగ్గర కత్తెర అడిగి కంపెనీ పేరు కోసిన. నా నౌకరి పోతదని కోసిన. సంతకం పెట్టుమని ఇచ్చి నెల దాటింది. సదువబోతే రాలే. పెద్ద పెద్ద మాటలున్నయి. ఎవలనన్న అడుగుదమంటే సెప్పినా నాకు తెల్వది. ఎందుకు తెల్వదంటే, బిడ్డా, నాకు ఇనపడది.

ఆరేండ్ల సంది తక్కువైకుంట వచ్చింది. ఇప్పుడు ఎడమ దిక్కు అస్సలు లేదు. కుడి దిక్కు చెవు పక్కన ఒర్రితె జెరంత. ఇరవై మూడేండ్లు హామర్ పక్కన నిలబడ్డ. మా షాపుల మాటలుండయి, చేతులే. చేతి ఏళ్లు రెండు సూపితే మెల్లగ కొట్టు. అరచెయ్యి తిప్పితే మల్ల కొట్టు. పిడికిలి ఎత్తితే ఆగు. గందుకే ఎవ్వలికి తెల్వలే. తెలిస్తే తీసేస్తరని నేను సెప్పలే. నీకు గూడ సెప్పలే. మీ అమ్మ ఉన్నప్పుడు ఆమెకొక్కదానికే తెలుసు. ఎవలన్న నాతోని మాట్లాడితే ఆమె పక్కకు నిలబడి సైగ చేసేది, ఆ అను, లేదను అని. ఆమె పోయినంక నేను అన్నిటికి ఆ అనుడే.

ఆ దినం మనింట్ల నవీన్ ఏమన్నడో నాకు తెల్వది. పెద్దొదినె మొకం సూసి ఏదో లొల్లి అనుకున్న. నువ్వు ముందలికి వచ్చి అడిగితివి. నీ పెదవులు సూసిన. పోయి రమ్మంటవా అన్నట్టె అనిపించింది. మనింట్ల ఎప్పటికి అదే మాట గద. ఆ అన్న.

ఫోన్ల నువ్వు మాట్లాడుతుంటె గాలి కొట్టినట్టు వస్తది. నీ గొంతే అని తెలుస్తది. మాట తెల్వది. గందుకే మంచిది అంట. జరం వస్తె మంచిది అన్నందుకు నా మీద నాకే సిగ్గైంది.

మొన్న నవీన్ వచ్చి ఒర్రుకుంట మాట్లాడిండు. నేను ఆ అన్న. ఏమొప్పుకున్ననో నీ ఉత్తరంల సదివినంక తెలిసింది.

నువ్వు సదివితివని సునంద సైగ చేసింది. ఫోన్ తెరిచి సూపెట్టింది. మూడుసార్లు సూసిన. నీ ఏలు ఒక మాట కాడ ఆగింది. శానసేపు ఆగింది. నీ మొకం మారింది. గా మాటల ఏదో ఉన్నది అనుకున్న. లచ్చల మందికి తెలిసింది, పంపినోనికి తెల్వలే. ఇన్నొద్దులు నీ ఈడియోలు అన్ని సూసిన బిడ్డా. ఒక్క మాట ఇనలే. చున్నీ సూసిన, ఏలు సూసిన, నీ మొకం సూసిన.

మా షాపుల పద్నాలుగు మందికి ఇచ్చిన్రు కాగితం. పద్నాలుగు మందికి సక్కగ ఇనపడది. ఒకలికొకలం సెప్పుకోం. చాయ్ కాడ సునంద ఫోన్ సుట్టూ నిలబడి అందరం సూస్తం, అందరం తలూపుతం. ఎవ్వలికి ఏం తెల్వది.

గందుకే అడుగుతున్న. నీ ఈడియో కింద అచ్చరాలు ఎయ్యి. పెద్దగ ఎయ్యి. జెర ఆగి ఆగి ఎయ్యి.

ఈడియో తీసెయ్యకు.

సోమవారం 23 తారీకు ఆఫీసుల సంతకం పెట్టాలె.

పెంటయ్య


సంగారెడ్డి
18 డిసెంబరు 2024

నాయినా,

నీ ఐదు కార్డులూ వరసలో చదివాను. మూడో కార్డు దగ్గర హాస్టల్ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏమైందని అందరూ అడుగుతుంటే నేను కూడా "ఆ, ఆ" అన్నాను.

ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియలేదు. నేను పిలిస్తే వెనక్కి తిరగకపోతే అలిసిపోయావనుకున్నాను. టీవీ పెద్దగా పెడితే విసుక్కున్నాను. ఊరందరి కాగితాలూ చదివాను కదా అని నాకు ఎంత పొగరో.

ఇక ఏడవను. పని చెబుతాను.

రెండు వందల పన్నెండు వీడియోలు ఉన్నాయి. నిన్నటి నుంచి కింద అక్షరాలు వేస్తున్నాను. పసుపు రంగులో, పెద్దగా, ఆగి ఆగి. హాస్టల్‌లో నలుగురు పిల్లలు సాయం చేస్తున్నారు. మీ కాగితం వీడియో మొదట చేశాను. ఎర్ర చున్నీ వీడియో రెండోది. ఈ ఉత్తరం అందిన రోజు చాయ్ దగ్గర ఆగు, సునందక్కకు ఫోన్ చేసి చెప్పాను.

అయినా ఇక్కడ కూడా రాస్తున్నాను, నీ కోసం. వయోభారం అంటే ముసలితనం. నీకు యాభై రెండు. వంశపారంపర్యం అంటే తాత ముత్తాతల నుంచి వచ్చిందని. మీ అమ్మ నర్సింహమ్మ ఎనభై ఏళ్లప్పుడు పక్కింటి వాళ్లు గుసగుసలాడుకుంటే మన ఇంట్లోంచి జవాబు చెప్పేది. "ఉద్యోగ విధులతో ఎట్టి సంబంధము లేదు" అంటే, హామర్ వల్ల కాలేదని. "అంగీకరించుచున్నాను" అంటే ఒప్పుకుంటున్నానని. అదీ కాగితం.

సంతకం పెట్టమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నా ఛానల్‌లో ఎవరికీ చెప్పను, నీకూ చెప్పను. నీ చెవులు, నీ ఉద్యోగం, నీ పేరు. నువ్వు ఏం చేసినా నేను నీ పక్కనే.

ఈ ఉత్తరం పట్టుకుని ఇప్పుడే బస్సెక్కి రావాలని ఉంది. రాను. నేను వస్తే నవీన్ అన్న "బిడ్డె నేర్పింది, బిడ్డె చేయిపిచ్చింది" అంటాడు. ఆ రోజు అక్కడ నువ్వొక్కడివే ఉండాలి. చదివింది నువ్వేనని వాళ్లకు తెలియాలి. ఆ తర్వాత నువ్వు ఎప్పుడంటే అప్పుడు.

నిసిత

(అవును, స తోనే రాశాను. నువ్వు పిలిచే పేరు అదే.)


ఇంద్రేశం
23-12-2024

బిడ్డ నిసితకు నాయిన రాసేది,

అయింది. సెప్త ఇను.

పొద్దుగాల పద్నాలుగు మందిని ఆఫీసుల నిలబెట్టిన్రు. పెద్ద సారు టేబుల్ కాడ కూసున్నడు, నవీన్ పక్కన నిలబడ్డడు. నన్నే ముందు పిలిచిన్రు. సారు మాట్లాడుతున్నడు, పెదవులు కదులుతున్నయి. ఎప్పటిలెక్క నవీన్ నా మొకంల మొకం పెట్టి తలూపు కాకా అన్నట్టు తలూపుతున్నడు.

నేను పిడికిలి ఎత్తిన.

మా షాపుల పిడికిలి ఎత్తితే హామర్ గూడ ఆగుతది. ఎనుకున్న పదమూడు మంది టక్కున సక్కగ నిలబడ్డరు. నవీన్ గూడ మా షాపుల పెరిగినోడే గద, ఆయినె తల గూడ ఆగింది. సారు ఒక్కడు ఇంక జెర మాట్లాడి, ఆయినె గూడ ఆగిండు.

నాకు ఇనపడది సారూ, రాసియ్యిరి, సదువుకుంట అన్న. గదే మొదటిసారి నేను నోటితోని సెప్పుడు. సారు నవీన్ దిక్కు సూసిండు. నవీన్ కింద సూసిండు.

సారు ఇచ్చిన కొత్త కాగితం టేబుల్ మీద పెట్టి, నీ లెక్కనే ఏలు పెట్టి సదివిన. పెద్దగ సదివిన, ఎనుకున్నోళ్ల కోసం. వంశపారంపర్యం కాడ రెండుసార్లు తప్పిన, మూడోసారి వచ్చింది. శానసేపు వట్టింది. కూసున్నోళ్లు కూసునే ఉన్నరు. అయినంక, సంతకం పెట్టే గీత మీద రాసిన.

సదివిన. ఒప్పుకోను. పెంటయ్య.

నవీన్ సూసి, కాగితం మీద రాసి సూపెట్టిండు, కాకా, చదివిన అని రాయాలె, తప్పు రాసినవ్ అని. నాకు చ వచ్చు బిడ్డా, నీ పలక మీద నేర్సుకున్నదే. తప్పు గాదు, గట్లనే ఉండని అన్న. నా ఎనుక పదమూడు మంది, ఒకలెనుక ఒకలు, అదే మాట అట్లనే రాసిన్రు. రాసుడు రానోళ్లు నలుగురున్నరు. నా రాత సూసుకుంట గీసిన్రు.

రేపు ఏమైతదో తెల్వది. నన్ను హామర్ కాడికెల్లి తీసి స్టోర్ల కూసుండవెట్టిన్రు. చెవు పరీచ్చకు పోతనని నేనే చీటీ రాసిచ్చిన. సర్కార్ దవాఖాన్ల. పరగడుపున పోవాల్నో ఏమో జెర సూసి సెప్పు.

ఇంకొక మాట. మొన్న చాయ్ కాడ ఎర్ర చున్నీ ఈడియో మల్ల సూసిన. కింద పసుపు అచ్చరాలు వచ్చినయి. ఆఖర్కు వచ్చేసరికి గిట్ల ఉన్నది: "నాయినా, ఒక్కసారి రమ్మను. వస్తా."

సునంద ఫోన్ గుంజుకోబోయింది, ఆగు అన్న. మల్ల సదివిన. నాలుగు నెలల సంది ఆ మాట ఫోన్ల ఉన్నది, నేను చున్నీ మంచిగున్నది అని రాస్తిని.

నేను నిన్ను ఎన్నడు పొమ్మనలే.

రా బిడ్డా. ఆ ఫోన్ నిలబెట్టేది గూడ తెచ్చుకో. మావోళ్లు పదమూడు మంది, చాయ్ సునంద, అందరు ఆదివారం మనింటి గడపల కూసుంటరట, కాగితాలు పట్టుకొని. ఈసారి నేను గూడ సదువుత. నువ్వు కింద అచ్చరాలు ఎయ్యి.

రొట్టె రెండుబాజులు మాడకుంట చేస్త.

పెంటయ్య